గురువారం దాకా చెప్పకండి

పదిహేడేళ్ల తర్వాత దర్శకుడు రఘుపతి మళ్లీ దేవయ్యకు ఎదురుపడ్డాడు. అదీ హైదరాబాదులో కాదు, ఒమన్‌లోని ఇబ్రాలో. గల్ఫ్ కూలీల మీద సినిమా తీయడానికి వచ్చిన యూనిట్‌కు జనం కావాలంటే, క్యాంపు ఫోర్‌మన్ ఫజల్ ముప్పై మంది పేర్లు రాసిచ్చాడు. అందులో తాపీ పనివాడు దేవయ్య పేరు చూసి రఘుపతి ఉలిక్కిపడ్డాడు. మనిషిని పిలిపించుకుని, జనంలోంచి తీసి, సినిమా మొత్తం ఆధారపడిన దృశ్యం అతని చేతిలో పెట్టాడు. దేవయ్య వద్దనలేదు. శుక్రవారం సెలవు రోజు, ఒక్కరోజు పని అనుకున్నాడు. ఆ పొద్దున మొహానికి రంగు వేస్తూ పాత స్నేహితుడు ముఖీత్ అతని చెవిలో అన్నాడు: “షాట్ అయినంక ఒక మాట చెప్పాలె దేవన్నా. వినకుంట పోవద్దు.” అక్కడ ఆగాం.

ఆ మాటేమిటో తెలిసేముందు, దేవయ్య పేరు చూసి రఘుపతి ఎందుకు ఉలిక్కిపడ్డాడో చెప్పాలి.

దేవయ్యది చిందు భాగవతం ఆడే మేళం. జగిత్యాల చుట్టూ నలభై ఊళ్లు వాళ్ల తాత ఆడినవి, తండ్రి ఆడినవి. తొమ్మిదో ఏట బాలవేషం కట్టాడు. పందొమ్మిదో ఏట రాజు కిరీటం నెత్తికెత్తుకున్నాడు. అద్దాలు పొదిగిన ఆ చెక్క కిరీటం, భుజకీర్తులు కట్టుకుంటే మామూలు మనిషి మెడ వంగిపోతుంది. దేవయ్య వాటిని కట్టుకుని గిరగిరా తిరిగేవాడు. మొహానికి అర్దళం అనే పసుపురంగు పూసుకుని మొదటి అడుగు వేయగానే ముందు వరసలో పిల్లలు వెనక్కి జరిగేవారు. రాణి వేషం లస్మవ్వది. పెళ్లయ్యాక పదకొండేళ్లు ఇద్దరూ ఒకే రంగస్థలం మీద రాజూ రాణీ. అతని గద్దింపుకు పేరుంది, ఎగతాళికి పేరుంది, ఎదుటివాడి నడకా మాటా దించేసే చురుకుకు ఇంకా ఎక్కువ పేరుంది. ఏడవడం మాత్రం అతని విద్య కాదు. వాళ్ల ఆటల్లో రాజు ఏడవడు.

టీవీలు వచ్చాక ఊళ్లు ఒక్కొక్కటే పిలవడం మానేశాయి. మేళంలో పద్నాలుగు మంది ఉండేవాళ్లు ఆరుగురయ్యారు. అలాంటి రోజుల్లో, 2008లో, తన మొదటి సినిమా ‘ఎర్రమొగులు’ కోసం మనుషుల్ని వెతుక్కుంటూ వచ్చిన రఘుపతి దేవయ్య ఆట చూశాడు. కరువులో కూతుర్ని పోగొట్టుకున్న రైతు వేషం ఇచ్చి అనంతపురం జిల్లాకు తీసుకుపోయాడు.

ఆ సినిమాలో తండ్రి ఏడ్చే దృశ్యం మూడు నిమిషాలు. మధ్యలో కట్ లేదు. ఆ మూడు నిమిషాలకు దేశదేశాల్లో జనం లేచి నిలబడ్డారు. సినిమా చదువులు చెప్పేచోట ఇప్పటికీ పిల్లలకు చూపిస్తారట. అందులో దేవయ్య నటించలేదు. అతని ఆరేళ్ల కూతురు శ్రీవాణి మెదడువాపు జ్వరంతో చనిపోయిందని కెమెరా ముందే అతనికి చెప్పారు. “కబురు సరిగ్గా అప్పుడే వచ్చింది. కెమెరా తిరుగుతూ ఉండిపోయింది. నా చేతిలో ఏం లేదు” అని రఘుపతి చెప్పాడు. పత్రికలు అదే రాశాయి. దేవయ్య కూడా అదే నమ్మాడు.

ఆ తర్వాత ఆరేళ్లలో ఏడు సినిమాలు. ఒకదాంట్లో బిచ్చగాడు, ఒకదాంట్లో ఉరిశిక్ష పడ్డవాడి తండ్రి, ఒకదాంట్లో శవం పక్కన కూర్చునే తాగుబోతు. అన్నిట్లోనూ ఏడుపే. రాజు వేషం కడతానంటే మేనేజర్లు నవ్వేవారు. ‘ఏడుపు దేవయ్య’ అని పేరు పడింది. కొన్నాళ్లకు ఆ ఏడుపు కూడా పాతబడి ఫోన్లు ఆగిపోయాయి. అతను తాపీ పని నేర్చుకుని ఒమన్ విమానం ఎక్కాడు. లస్మవ్వ బిడ్డ పోయినప్పటి నుంచి మొహానికి రంగు వేయలేదు. ఇంటి దగ్గర బీడీలు చుడుతుంది. అతను ఫోన్ చేస్తే అడిగినదానికి జవాబు చెబుతుంది. తనంతట తాను “తిన్నవా” అని అడిగి పదిహేడేళ్లయింది.

ఇక ఆ శుక్రవారం.

ఇబ్రాలో కూలిపోతున్న పాత మట్టి ఇళ్ల మధ్య ఒక వాకిలి. చుట్టూ ఎత్తయిన గోడలు, ఒక మూల ఖర్జూరపు చెట్టు. పొద్దున తొమ్మిదికే ఎండ గోడ సగం దాకా దిగింది. మిగతా కూలీలంతా గోడవారగా వరసలో నిలబడ్డారు. వాళ్లలో నిజామాబాద్ వాళ్లున్నారు, బంగ్లాదేశ్ వాళ్లున్నారు, ఫజల్ ఊరు పెషావర్ వాళ్లున్నారు. దృశ్యం ఇదీ: అర్బాబ్, అంటే యజమాని, సెలవివ్వక ఇంటికి పోలేకపోయిన కూలీ, ఊళ్లో జరుగుతున్న కూతురి చావును వీడియో కాల్‌లో చూస్తాడు.

సహాయ దర్శకురాలు హుమా ఒక ఫోన్ తెచ్చి దేవయ్య చేతికిచ్చింది. నిన్న సాయంత్రం రిహార్సల్‌లో ఆ ఫోన్‌లో ఉత్త పచ్చరంగు తెర ఉంది. బొమ్మ తర్వాత మేం అతికిస్తామని అప్పుడు చెప్పారు. ఇవాళ ఇచ్చేటప్పుడు ఆ పిల్ల అతని మొహంలోకి చూడలేదు.

“యాక్షన్” అన్నాడు రఘుపతి.

దేవయ్య ఫోన్ ఎత్తి చూశాడు. తెర మీద శ్రీవాణి ఉంది.

రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, ముందుపన్ను ఊడిన నవ్వు. బడిలో తీసిన ఫోటో. దేవయ్య దగ్గరున్న ఒకే ఒక్క ఫోటో అది. ‘ఎర్రమొగులు’ విడుదలప్పుడు పత్రికలకు కావాలని అడిగి తీసుకున్నారు. తిరిగి ఇవ్వలేదు. నాలుగుసార్లు హైదరాబాద్ ఆఫీసు చుట్టూ తిరిగితే ఎక్కడో పోయిందన్నారు. లస్మవ్వ బిడ్డ మొహం మరిచిపోతానేమోనని కొన్నేళ్లు భయపడింది. తర్వాత మరిచిపోయింది కూడా. ఆ మాట ఒకే ఒక్కసారి అతనితో అని, గోడవైపు తిరిగి పడుకుంది.

దేవయ్య ఆ ఫోటోను చూస్తూ ఉండిపోయాడు. అతని పెదవులు మెల్లగా విచ్చుకున్నాయి. నవ్వు వచ్చింది. మొహమంతా వచ్చింది.

“కట్!” రఘుపతి కుర్చీలోంచి లేచాడు. “ఏం చేస్తున్నావ్?”

దేవయ్యకు వినబడలేదు. బొటనవేలితో తెర తుడుస్తున్నాడు.

“మళ్లీ. రోల్. యాక్షన్.”

మళ్లీ నవ్వాడు. మూడోసారీ అంతే.

రఘుపతి వాకిలి మధ్యకు వచ్చాడు. మొహంలో కోపం లేదు, విసుగు ఉంది. యాభై మంది వింటున్నారని తెలిసే, గొంతు తగ్గించకుండా అన్నాడు: “నీ కూతురు చచ్చిపోయిందయ్యా దేవయ్యా. చచ్చిపోయిన పిల్లని చూసి నవ్వుతావేంటి?”

గోడవారన తెలుగు తెలిసినవాళ్లు తల దించుకున్నారు. తెలియనివాళ్లు వాళ్లను చూసి దించుకున్నారు.

“తెలుసు సార్” అన్నాడు దేవయ్య. “బిడ్డ మొకం మరిసిపోయి ఉంటి. ఇయ్యాల మల్ల కండ్లవడ్డది. గందుకే.”

“నాకు కావలసింది అది కాదు. నిన్ను జనంలోంచి తీసింది దేనికి? ఆ ఫోటో వెతికించడానికి నేనెంత కష్టపడ్డానో తెలుసా? ‘ఎర్రమొగులు’లో ఏడ్చినవాడివి నువ్వేనా?” తర్వాత మేకప్ గది వైపు తిరిగి కేకేశాడు. “ముఖీత్! గ్లిజరిన్ పట్రా. ఎండిపోయాడు మనవాడు. చుక్కలేసి ఏడిపిద్దాం.”

యూనిట్‌లో ఎవరో కిసుక్కుమన్నారు.

మేకప్ గది అంటే పైకప్పు సగం ఊడిన పాత ఇంటి గది. దేవయ్య స్టూలు మీద కూర్చున్నాడు. ముఖీత్ సీసా మూత తీశాడు. దూది ముంచాడు. చెయ్యి దేవయ్య కంటి దాకా వచ్చి ఆగిపోయింది. ముఖీత్‌కు అరవై దాటాయి. మూసీ ఒడ్డున పుట్టి ముప్పై ఐదేళ్లుగా సినిమా వాళ్ల మొహాలు దిద్దుతున్నవాడు, ‘ఎర్రమొగులు’ షూటింగ్‌లో దేవయ్యతో ఒకే గదిలో పడుకున్నవాడు.

“నాతోని కాదన్నా” అన్నాడు. దూది కింద పడేశాడు. “షాట్ అయినంక చెప్తా అన్న గదా. ఇప్పుడే చెప్తా. మల్ల ధైర్యం ఉంటదో ఉండదో.”

“చెప్పు భాయ్.”

“నీ బిడ్డ సంగతి నీకు గురువారం చెప్పిన్రు. ఫోన్ గురువారం రాలే.”

దేవయ్య తల ఎత్తాడు.

“మంగళవారం పొద్దుగాల పది గంటలకు వచ్చింది. మేనేజర్ సెల్‌కు. పాపకు బాగ సీరియస్ ఉంది, కరీంనగర్ దవాఖానల ఉన్నరు, జల్ది పంపియ్యిన్రి అని. మేనేజర్ ఉరికొచ్చి రఘుపతి సార్‌కు చెప్పిండు. నేను ఆడనే సార్ అద్దం తుడుస్తున్న. సార్ కొద్దిసేపు ఆలోచన చేసిండు. మల్ల ఏమన్నడో తెల్సా? ‘గురువారం ఏడుపు సీను. గురువారం దాకా చెప్పకండి’ అన్నడు.”



“పాప బుధవారం సాయంత్రం దాక బతికే ఉండె అన్నా. గా కబురు గుడ వచ్చింది. అది గుడ దాచిన్రు.”

“నీకెర్కనే” అన్నాడు దేవయ్య.

“ఎర్కనే. ఒక్క గదిలనే పడుకున్నం మంగళవారం. నువ్వు నిద్రవోయినవ్. నేను వోలే. నోరు తెరిస్తే నా పని పోతదని ఊకున్న.” ముఖీత్ ఏడుస్తున్నాడు. “ఇయ్యాల గా ఫోటో పెట్టిన్రు సూడు, ఇంక నాతోని కాలే.”

దేవయ్య ఏడవలేదు. లెక్క కట్టుకుంటున్నాడు. మంగళవారం పది గంటలకు బయల్దేరితే గుంతకల్లు, అక్కడ రైలు, హైదరాబాద్, అక్కణ్ణుంచి బస్సు. ఎంత ఆలస్యమైనా బుధవారం తెల్లారేసరికి కరీంనగర్. రోజంతా ఉండేది. బిడ్డ తలగడ పక్కన పూర్తిగా ఒక పగలు.

అతనికి మరొకటి కూడా గుర్తొచ్చింది. ఆ మంగళవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర తనే అడిగాడు, “ఇంటికాడికెల్లి ఫోనేమన్న అచ్చిందా సార్” అని. అప్పుడు రఘుపతి తన చేత్తో విస్తట్లో గడ్డ పెరుగు వేశాడు. “మీవాళ్లంతా కులాసా. కడుపునిండా తిను” అన్నాడు. ఇంత పెద్ద దర్శకుడు తన విస్తట్లో పెరుగు వేశాడని దేవయ్య చాలా ఏళ్లు అందరికీ చెప్పుకున్నాడు.

లేచి వాకిట్లోకి వచ్చాడు.

రఘుపతి గొడుగు కింద మానిటర్ ముందు కూర్చుని ఖావా తాగుతున్నాడు. దేవయ్య వచ్చి ఎదురుగా నిలబడితే, గ్లిజరిన్ పడిందో లేదో అని ముందు కళ్లు చూశాడు.

“మంగళారం పొద్దుగాల పది గంటలకు ఫోనచ్చిందా సార్?”

రఘుపతి దేవయ్య భుజం మీదుగా ముఖీత్ వైపు చూశాడు. తర్వాత కప్పు కింద పెట్టాడు. అబద్ధం చెప్పడానికి కూడా శ్రమ పడలేదు.

“వచ్చింది.”

“నాకెందుకు చెప్పలే?”

“చెబితే వెళ్లిపోయేవాడివి.”

“పోదును మరి! బిడ్డ సావుబతుకుల్ల ఉంటే పోనా?”

“అదే చెబుతున్నాను. వెళ్తే పదిరోజుల దాకా రావు. నాకున్నది నాలుగు రోజులు. నా మొదటి సినిమా అది. ఆగిపోతే మళ్లీ నాకెవరూ కెమెరా ఇవ్వరు.” అతని కుడిచేయి అలవాటు ప్రకారం కళ్లజోడు కమ్మీని రెండు వేళ్లతో రుద్దుతోంది. “అయినా వెళ్లి ఏం చేసేవాడివి? నువ్వేమన్నా డాక్టరువా?”

“సెయ్యి వట్టుకుందును.”

“చెయ్యి పట్టుకుంటే బతికేదా?”

 బతికేది కాదేమో. కానీ ఆ పిల్ల కళ్లు తెరిచి ఉన్న ఒక పగలు, తను అనంతపురం ఎండలో నిలబడి దాహం నటించాడు. ఆ సంగతి ఎవరికి ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు.

రఘుపతి గొంతు మెత్తబడింది. అతని మాటల్లో అన్నిటికంటే ఘోరమైనవి ఆ మెత్తటి గొంతుతోనే వచ్చాయి. “విను దేవయ్యా. ఆ ఏడాది ఆ జ్వరంతో మీ జిల్లాలో ఎంతమంది పిల్లలు పోయారు? ఒక్క పేరైనా ఎవరికైనా గుర్తుందా? నీ కూతురి కోసం ముక్కూమొహం తెలియనివాళ్లు ఏడ్చారు. ఏ తండ్రైనా కూతురికి ఇంతకంటే ఏం చేయగలడు? అది నావల్ల జరిగింది. ఊరూరా గుడ్డలు పరుచుకుని చిందులేసేవాణ్ణి తీసుకొచ్చి నటుణ్ణి చేశాను.”

“నటుణ్ణి మీరు జెయ్యలే సార్” అన్నాడు దేవయ్య. “మీరు రాకముందే నేను రాజును.”

అనేసి వెనక్కి తిరిగాడు. అందరూ అతను వెళ్లిపోతున్నాడనుకున్నారు. అతను వాకిలి మధ్యకు వెళ్లి ఆగాడు. భుజాన ఉన్న తువ్వాలు తీసి నడుముకు బిగించాడు. పదిహేడేళ్లుగా కట్టని నడుం. కుడికాలు ఎత్తి నేలమీద ఒక్క దెబ్బ వేశాడు. మట్టి లేచింది. గోడవారన కూలీలంతా నిటారుగా అయ్యారు.

తర్వాత ఒక సిమెంటు ఇటుక మీద కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు. తల కొంచెం పక్కకు వాల్చాడు. లేని కళ్లజోడు కమ్మీని రెండు వేళ్లతో రుద్దాడు.

రఘుపతి దిగి వచ్చాడు ఆ ఇటుక మీదికి. ఆ మెడ, ఆ వాలు, మాట్లాడేముందు నాలుకతో పైపెదవి తడుపుకునే తీరు అన్నీ వచ్చాయి. హుమా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లైట్ల దగ్గర కుర్రాళ్లు పకపకా నవ్వారు. భాష తెలియని పెషావర్ వాళ్లు కూడా నవ్వారు.

“పోనివ్వకూడదు. నాకున్నది నాలుగు రోజులు” అన్నాడు ఇటుక మీది రఘుపతి. “ఎవరూ నోరెత్తొద్దు. గురువారం దాకా చెప్పకండి.”

లేచి ఒక్క గిరకీ తిరిగి మేనేజర్ అయ్యాడు. వంగి చేతులు నలుపుకున్నాడు. “పాప మీద ఆశ లేదట సార్.” మళ్లీ తిరిగి రఘుపతి. “మంచిది. మొహం ఫ్రెష్‌గా ఉంటుంది.” మళ్లీ తిరిగి తనే అయ్యాడు, విస్తరి ముందు గొంతుక్కూచున్న దేవయ్య. “ఇంటికాడికెల్లి ఫోనేమన్న అచ్చిందా సార్?” రఘుపతి అయి లేని గిన్నెలోంచి లేని గరిటెతో పెరుగు తీశాడు. మెల్లగా వడ్డించాడు. “మీవాళ్లంతా కులాసా. కడుపునిండా తిను.” దేవయ్య అయి తిన్నాడు. వేళ్లు నాకి, చుట్టూ ఉన్నవాళ్లకు గర్వంగా చూపించాడు, చూడండి, సారు వడ్డించాడు అన్నట్టు.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కుర్రాళ్లలో ఒకడు ఇంకా నవ్వుతుంటే పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

చివరికి దేవయ్య నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. చిన్నపిల్ల అయ్యాడు. ఏ రాజు వేషంలోనూ ఎప్పుడూ చేయనిది అది. మెడ తిప్పి గుమ్మం వైపు చూశాడు. నర్సు వస్తే కళ్లు వెలిగి ఆరిపోయాయి. ఎవరిదో అడుగు వినబడితే వెలిగి ఆరిపోయాయి. తర్వాత వెలగడం మానేశాయి. గుమ్మం వైపే తిరిగి అలాగే ఉండిపోయాడు.

 ఫజల్ తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

దేవయ్య లేచి ఒంటికంటిన మట్టి దులుపుకున్నాడు. కళ్లు పొడిగా ఉన్నాయి. ఇప్పుడు ఈ మనిషి ఏం చేస్తాడో చూద్దామని రఘుపతి వైపు తిరిగాడు. సిగ్గుపడతాడనుకున్నాడు, లేదంటే కొట్టడానికి వస్తాడనుకున్నాడు.

రఘుపతి మానిటర్ మీదికి వంగి ఉన్నాడు. ఒక చెయ్యి గాల్లో, కెమెరామన్ వైపు, ఆపొద్దు ఆపొద్దు అన్నట్టు ఆడుతోంది. ఆట మొదలైనప్పటి నుంచి ఆ చెయ్యి అలాగే ఆడుతోంది. కెమెరా మీది ఎర్ర దీపం వెలుగుతోంది.

“కట్” అన్నాడు. లేచి చప్పట్లు కొట్టాడు. కళ్లనిండా నీళ్లు. “ఓకే. టేక్ ఓకే. నా క్లైమాక్స్ దొరికింది. ఏడుపు ఎవడిక్కావాలి? ఆ చివరి చూపు చూశారా?”

“అది తీసెయ్యిన్రి సార్” అన్నాడు దేవయ్య. “అది మీ సిన్మాకు ఆడలే.”

“కెమెరా ముందు చేసింది ఏదైనా నాదే. నిన్న కాగితం మీద సంతకం పెట్టావు కదా? హుమా చదివి వినిపించింది కూడా.”

“గా ఆటల మీరు చేసిన పాపం ఉన్నది.”

“ఉంటే ఉండనీ. సినిమాలో దర్శకుడి పాత్రకి వేరే పేరు పెడతాను.” దగ్గరికి వచ్చి, అప్పటిలాగే భుజం తట్టాడు. “తిని వెళ్లు. బిర్యానీ చెప్పాను అందరికీ.”

దేవయ్య ఒక్కసారి చేయి ఎత్తాడు. హుమా “సార్” అని అరిచింది. ఎత్తిన చెయ్యి రఘుపతి గొంతు దాకా పోలేదు. కిందికి వాలింది. పదిహేడేళ్ల కింద తన ఏడుపు తీసుకున్నాడు. ఇప్పుడు తన కోపం కూడా తీసుకుని డబ్బాలో వేసుకున్నాడు. కొడితే అదీ తీస్తారు. కెమెరా ఇంకా ఇటే తిరిగి ఉంది.

మేకప్ గదిలోకి వచ్చి గోడకానుకుని కూలబడ్డాడు. ఫజల్ నీళ్ల సీసా తెచ్చాడు. “పానీ పియో, దేవా భాయ్. చలో, క్యాంప్ చల్తే హై” అని, అతని భుజం నొక్కి, బస్సు మాట్లాడటానికి వెళ్లాడు. గదిలో ముఖీత్ మిగిలాడు.

“లస్మవ్వకు చెప్పాలె” అన్నాడు దేవయ్య. “నాకు ఎర్కలేకుండె అని చెప్పాలె. సిన్మా కోసం బిడ్డను ఇడిసిపెట్టిన అనుకుంటది. పదిహేడేండ్ల నుంచి గదే అనుకుంటది. నా ఫోను క్యాంపుల ఉన్నది. నీది ఇయ్యి.”

ముఖీత్ జంకాడు. “ఇప్పుడే ఎందుకన్నా? రూముకు వోయినంక నిమ్మలంగ…”

“ఇప్పుడే.”

దేవయ్య నంబరు చెప్పాడు. ముఖీత్ నొక్కి స్పీకర్ పెట్టాడు. నాలుగుసార్లు మోగాక లస్మవ్వ ఎత్తింది. వెనక పక్కింటి టీవీ మోగుతోంది.

“ఎవలు?”

కొత్త నంబరు. దేవయ్య నోరు తెరిచి మూశాడు. ఫోన్‌లో ఆమె రెండోసారి “ఎవలుల్లా, పెట్టేస్తున్న” అనేసరికి ముఖీత్ కంగారుపడి ముందుకు వంగాడు.

“పెట్టకు, పెట్టకు. దేవన్న ఉన్నడు ఈడ. జెర సబర్ చెయ్యి లస్మీ, ఇస్తున్న.”

అవతల టీవీ మాత్రమే వినిపిస్తోంది.

“లస్మీ” అన్నాడు దేవయ్య ఎట్టకేలకు. “నేను. ఒక్క ముచ్చట చెప్తా, పూరా ఇను. వాణికి పాణం మీదికచ్చిందని మంగళారం నాడే నువ్వు ఫోన్ చేసినవట. నాకు చెప్పలే. నాకు ఎవ్వలు చెప్పలే. దేవుని తోడు, నాకు ఎర్కలేదు.”

లస్మవ్వ జవాబు నెమ్మదిగా వచ్చింది. ఏడుపు లేదు, కోపం లేదు.

“ఎర్కలేదా? మంగళారం ఫోనెత్తింది మేనేజరు. బుధారం మల్ల చేస్తే నీకిచ్చిన్రు గద. నువ్వే మాట్లాడినవ్ నాతోని.”

“నేనా? నేను మాట్లాడలే!”

“గొంతు బొంగురుపోయి ఉండె. అరిసి అరిసి పోయింది అన్నవ్. బిడ్డ అడుగుతుంది రావయ్యా అని ఫోన్ బూతు ముంగట మోకాళ్ల మీద కూసొని ఏడిస్తి. గురువారం దాక రాను అన్నవ్. నీ నోటికెల్లి అట్ల అచ్చినంక, గా ముచ్చట నీ మొకం మీద ఎట్ల అడుగుదును? గందుకే అడగలే. ఒక్కటే మాట ఇన్నేండ్లు చెవుల్ల తిరుగుతుంటది. ‘జెర సబర్ చెయ్యి లస్మీ’ అన్నవ్. నువ్వెప్పుడు సబర్ అన్నోనివి కాదు, ఓపిక పట్టు అనెటోనివి. సిన్మోళ్లల్ల వడి మాట మారింది అనుకున్న.”



“ఇందాక ఫోన్ల మాట్లాడిందెవలు?” అంది లస్మవ్వ. “నీకంటె ముంగట మాట్లాడిండు చూడు, గాయన. ఆ గొంతు నాకెరుకే. ఆ దినం దవాఖాన ముంగట నాతోని నువ్వై మాట్లాడింది గా మనిషే. నీ పక్కనే ఉన్నడా?”

దేవయ్య తల తిప్పాడు.

ముఖీత్ అతని కళ్లలోకి చూడలేదు. చేయి చాచి ఫోన్ కట్ చేశాడు.